ప్లేస్టేషన్ వీటా వైఫల్యం: సందర్భౌచిత్య దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
సోనీ సంస్థ 2011 డిసెంబరులో జపానులో విడుదల చేసిన ప్లేస్టేషన్ వీటా, సాంకేతికంగా తన కాలపు చేతి ఆటయంత్రాలన్నిటికంటే ముందున్నది. అయినా అమ్మకాల్లో విఫలమైంది. స్మార్ట్‌ఫోన్ రాకే ఇందుకు కారణమన్న వివరణ విస్తృతంగా ప్రచారంలో ఉంది. అదే ఏడాది ఇంచుమించు అదే ధరకు వచ్చి, మొదట తడబడి, తరువాత నిలదొక్కుకున్న నింటెండో 3డీఎస్‌తో పోల్చినప్పుడు ఆ వివరణ చాలదని తెలుస్తుంది. ఆట నిర్మాణానికీ ఆడే సందర్భానికీ మధ్య ఔచిత్యం లోపించడం, కొనుగోలుదారు విశ్వాసం సడలడం అనే రెండు కారణాలను ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వీడియోగేమ్, చేతి ఆటయంత్రం, ఔచిత్యం, ముక్తకం, గ్రహీత, సాంకేతిక నియతివాదం.

1. ఉపోద్ఘాతం:
వీడియోగేమ్‌లను సాహిత్య విమర్శ పరికరాలతో పరిశీలించడం తెలుగు పరిశోధనలో ఇంకా అలవాటు కాలేదు. నిజానికి కథ, పాత్ర, కథాకాలం, గ్రహీత భాగస్వామ్యం వంటి అంశాలన్నీ వాటిలో ఉన్నాయి. వీటన్నిటికంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. ఒక రచన ఏ సాధనం ద్వారా, ఏ సందర్భంలో గ్రహీతను చేరుతుందన్న ప్రశ్నకు ఆటయంత్రాల చరిత్ర చాలా స్పష్టమైన ఆధారాలను అందిస్తుంది. ఒక పుస్తకం అమ్ముడుపోకపోతే లోపం ధరలో ఉందా, పంపిణీలో ఉందా, రచనలో ఉందా అని తేల్చడం కష్టం. ఆటయంత్రం విషయంలో ధరలు, విడుదల తేదీలు, దానితో వచ్చిన ఆటలు నమోదై ఉంటాయి. పోటీ యంత్రం వివరాలూ పక్కనే ఉంటాయి. అందువల్ల కారణాలను వేరుచేసి చూడడానికి వీలవుతుంది.

హ్యాండ్‌హెల్డ్ కన్సోల్, అంటే చేతిలో పట్టుకొని ఆడే ఆటయంత్రం, ఎందుకు అమ్ముడుపోదు అన్న ప్రశ్నకు ప్లేస్టేషన్ వీటా ఒక మంచి నిదర్శనం. దీనిని ఈ వ్యాసంలో ‘చేతి యంత్రం’ అని వ్యవహరిస్తాను. క్షేమేంద్రుడు కావ్యవిషయంలో చెప్పిన ఔచిత్యాన్ని ఇక్కడ సందర్భౌచిత్యంగా విస్తరించి వాడుతున్నాను. అలంకారం తగినచోట ఉన్నప్పుడే అలంకారమవుతుందన్నది ఆయన సిద్ధాంతసారం. యంత్రానికి ఉన్న శక్తులు, దానిపై నడిచే రచనలు, గ్రహీత దానిని చేతిలోకి తీసుకొనే వేళ, ఈ మూడింటి పొందికే ఈ వ్యాసంలో సందర్భౌచిత్యం.

2. వీటా: వాగ్దానం, ఫలితం:
సోనీ తొలి చేతి యంత్రం పీఎస్‌పీ 2004లో వచ్చి 7 కోట్లకు పైగా అమ్ముడైంది. దానికి వారసురాలిగా 2011 డిసెంబరు 17న జపానులోనూ, 2012 ఫిబ్రవరిలో అమెరికా, ఐరోపాలలోనూ వీటా విడుదలైంది. 5 అంగుళాల ఓలెడ్ తెర, నాలుగు కోర్ల ప్రాసెసర్, రెండు అనలాగ్ స్టిక్‌లు, ముందు తాకుతెర, వెనుకవైపు మరో తాకుపలక, రెండు కెమెరాలు దాని ప్రత్యేకతలు. ఇంట్లో టీవీ ముందు ఆడే ఆట స్థాయిని చేతిలోకి తెస్తామన్నది దాని ప్రధాన వాగ్దానం.

ఫలితం వేరుగా వచ్చింది. 2012-13 ఆర్థిక సంవత్సరంలో పీఎస్‌పీ, వీటా రెండూ కలిపి 1.6 కోట్లు అమ్ముడవుతాయని సోనీ మొదట అంచనా వేసింది. దానిని వరుసగా 1.2 కోట్లకు, 1 కోటికి, చివరకు 70 లక్షలకు తగ్గించుకొంది. 2013 ఫిబ్రవరి చివర జపానులో వైఫై నమూనా ధరను 24,980 యెన్‌ల నుంచి 19,980 యెన్‌లకు దించింది. వీటా మొత్తం అమ్మకాలను సోనీ విడిగా ప్రకటించలేదు. పరిశీలకుల అంచనాలు 1 కోటికి, 1.6 కోట్లకు మధ్య ఉన్నాయి. 2019 మార్చిలో జపానులోనూ ఉత్పత్తి ముగిసింది.

3. ఫోన్ వాదం, దాని పరిమితి:
ఈ వైఫల్యానికి స్మార్ట్‌ఫోన్‌ను కారణంగా చూపడం పరిపాటి. సోనీ ఆటల విభాగంలో ప్రముఖుడైన షుహెయ్ యోషిదా కూడా 2015లో, మొబైల్ ఆటల ప్రాబల్యం వల్ల కొత్త చేతి యంత్రానికి వాతావరణం అనుకూలంగా లేదన్న అభిప్రాయం వెల్లడించాడు. ఈ వాదంలో నిజం లేకపోలేదు. 2008లో యాపిల్ యాప్ స్టోర్ మొదలయ్యాక ఒక డాలరుకో, ఉచితంగానో ఆట దొరకడం మామూలైంది. 40 డాలర్ల ఆటకు అది గట్టి పోటీయే.

అయితే ఇదే వాతావరణంలో మరొక యంత్రం ఏమైందో చూడాలి. నింటెండో 3డీఎస్ 2011 ఫిబ్రవరిలో జపానులో 25,000 యెన్‌లకు, మార్చిలో అమెరికాలో సుమారు 250 డాలర్లకు వచ్చింది. వీటా వైఫై నమూనా ధర కూడా ఇంచుమించు ఇంతే. తొలి నెలల్లో 3డీఎస్ కూడా నిరాశపరిచింది. ఫోన్ వాదాన్ని సమర్థించేవారికి అప్పటికి అది కూడా ఒక ఉదాహరణగా కనిపించింది. కానీ 2011 ఆగస్టులో దాని ధర జపానులో 15,000 యెన్‌లకు, అమెరికాలో సుమారు 170 డాలర్లకు తగ్గింది. ఏడాది చివర సూపర్ మారియో 3డీ ల్యాండ్, మారియో కార్ట్ 7 వచ్చాయి. చివరకు 3డీఎస్ సుమారు 7.6 కోట్లు అమ్ముడైంది.

అంతకుముందరి నింటెండో డీఎస్ అమ్మకాలు సుమారు 15.4 కోట్లు. అంటే ఒక తరం నుంచి మరో తరానికి నింటెండో సగం మార్కెట్టును కోల్పోయింది. ఈ సగం తగ్గుదలలో ఫోన్ పాత్రను ఒప్పుకోవచ్చు. అదే కాలంలో సోనీ 7 కోట్ల పైనుంచి, అత్యధిక అంచనాను తీసుకొన్నా, 1.6 కోట్లకు పడిపోయింది. ఇది నాలుగో వంతు కన్నా తక్కువ. ఫోన్లు రెండు యంత్రాలకూ సమానమే. సమానమైన కారణం అసమానమైన ఫలితాన్ని పూర్తిగా వివరించలేదు. ఆ మిగిలిన అంతరానికి కారణాన్ని వీటాలోనే వెతకాలి.

4. నిబద్ధం, అనిబద్ధం: ఆట నిర్మాణంలో సందర్భం:
వామనుడు కావ్యాన్ని అనిబద్ధమనీ నిబద్ధమనీ విభజించాడు. విడిగా నిలిచే ముక్తకం అనిబద్ధం. ఒకదానితో ఒకటి ముడిపడి సాగే రచన నిబద్ధం. ఈ విభాగం గ్రహణవేళకు కూడా సంబంధించినది. ముక్తకాన్ని దారిలో చెప్పుకోవచ్చు, నలుగురిలో విడిగా చదవవచ్చు. నిబద్ధరచనకు తీరుబడి కావాలి, పూర్వాపరాలు గుర్తుండాలి. మన శతకం ఈ రెండింటి నడుమ ఒక చక్కని నిర్మాణం. ఏ పద్యానికి ఆ పద్యం స్వతంత్రం. మకుటం మాత్రం అన్నిటినీ ఒక్కటిగా కట్టి ఉంచుతుంది.

చేతి యంత్రం తెరుచుకొనేది ఎక్కువగా రైలులో, బడి విరామంలో, నిద్రకు ముందు మిగిలిన కాస్త సమయంలో. అక్కడ బాగా రాణించిన రచనలు శతకనిర్మాణం కలవి. పీఎస్‌పీకి జపానులో ప్రాణం పోసిన మాన్‌స్టర్ హంటర్ ఇందుకు ఉత్తమ ఉదాహరణ. మొత్తం ఆట వందల గంటలు సాగవచ్చు. కానీ దానిలోని ప్రతి వేట ఒక ముక్తకం. వేటకు సాధారణంగా 50 నిమిషాల గడువు ఉంటుంది. నలుగురు ఆటగాళ్లు ఒకచోట కూర్చొని, తమ యంత్రాలను కలుపుకొని వేటాడవచ్చు. 2010 డిసెంబరులో పీఎస్‌పీకి వచ్చిన మాన్‌స్టర్ హంటర్ పోర్టబుల్ 3ఆర్‌డీ 40 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైంది. మిత్రుడి దగ్గర ఉన్న యంత్రమే తనకూ కావాలన్న కోరిక దాని వెనుక ఉంది.

ఈ పరంపర వీటాకు రాలేదు. మాన్‌స్టర్ హంటర్ 3జీ 2011 డిసెంబరు 10న, అంటే వీటాకు సరిగ్గా వారం ముందు, 3డీఎస్‌పై విడుదలైంది. నాలుగో భాగం కూడా 3డీఎస్‌కే వస్తుందని అదే ఏడాది సెప్టెంబరులో ప్రకటన వెలువడింది. పీఎస్‌పీ పాఠకవర్గంలో పెద్దభాగం తన రచనను వెతుక్కొంటూ వేరే యంత్రానికి వెళ్లిపోయింది.

వీటా విడుదలలో ముందు నిలిచిన అన్‌చార్టెడ్: గోల్డెన్ అబిస్ నిబద్ధరచన. టీవీ యంత్రంపై సాగే సాహసకథా పరంపరకు అది చేతి రూపం. దృశ్యపరంగా గొప్పది. ఆటను మధ్యలో ఆపి యంత్రాన్ని నిద్రపుచ్చే సదుపాయం వీటాలో ఉన్న మాటా నిజమే. కానీ అది పుస్తకంలో పేజీ గుర్తు పెట్టుకోవడం వంటిది. రచన నిర్మాణాన్ని మార్చదు. అందులో పటంపై బొగ్గు రుద్దినట్లు తెరను వేలితో రుద్దాలి, ఒక కాగితంలోని రహస్యం కనిపించాలంటే యంత్రాన్ని వెలుతురు వైపు ఎత్తి పట్టాలి. ఇవి కథకు అవసరమై రాలేదు, యంత్రపు శక్తులను చూపడానికి వచ్చాయి. క్షేమేంద్రుడి దృష్టిలో ఇవి చోటు తప్పిన అలంకారాలు.

యంత్రానికి తగిన రచన అసాధ్యం కాదని టేర్‌అవే నిరూపించింది. మీడియా మాలిక్యూల్ రూపొందించిన ఈ ఆటలో లోకమంతా కాగితంతో చేసినది. వెనుక పలకను తాకితే ఆటగాడి వేలు ఆ కాగితపు నేలను చీల్చుకొని పైకి వస్తుంది. కెమెరా పట్టిన ఆటగాడి ముఖం ఆకాశంలో సూర్యుడి నడుమ కనిపిస్తుంది. ఆ కథ అర్థం కావాలంటే ఆ యంత్రమే కావాలి. కానీ అది వచ్చింది 2013 నవంబరులో. అప్పటికి యంత్రం భవితవ్యం గురించి కొనుగోలుదారులు ఒక నిర్ణయానికి వచ్చేశారు.

5. కొనుగోలుదారుతో ఒప్పందం:
రెండవ కారణం విశ్వాసానికి సంబంధించినది. తొలి వీటాలో వాడుకరి ఆటలు దాచుకొనేందుకు అంతర్గత స్థలం లేదు. మార్కెట్లో చౌకగా దొరికే సాధారణ మెమొరీ కార్డులు దానిలో పనిచేయవు. సోనీ ప్రత్యేకంగా తయారుచేసిన కార్డులే కొనాలి. అమెరికాలో 4 జీబీ కార్డు 20 డాలర్లు, 8 జీబీ 30, 16 జీబీ 60, 32 జీబీ 100 డాలర్లు. ఆటలను ఇంటర్నెట్ ద్వారా కొనేవారికి పెద్ద కార్డు తప్పనిసరి. అంటే 250 డాలర్ల యంత్రం అసలు ఖరీదు, కార్డూ ఒక ఆటా కలిసేసరికి 350 డాలర్లు దాటవచ్చు. 3డీఎస్ మామూలు ఎస్‌డీ కార్డును అంగీకరించింది, ఒక కార్డును యంత్రంతోపాటే ఇచ్చింది.

తప్పటడుగు పడినప్పుడు ఎవరు ఎలా ప్రవర్తించారన్నది కూడా గమనించాలి. 3డీఎస్ ధర తగ్గించినప్పుడు, అంతకుముందు పూర్తి ధర పెట్టి కొన్నవారికి నింటెండో 20 పాత ఆటలను ఉచితంగా ఇచ్చింది. సంస్థ అధ్యక్షుడు సతోరు ఇవాతా తన జీతాన్ని సగానికి తగ్గించుకొన్నాడు. ఇది వ్యాపారవ్యూహమే కావచ్చు. అయినా తొలి కొనుగోలుదారు మోసపోలేదన్న సంకేతం అందులో ఉంది. వీటా తొలి కొనుగోలుదారుకు అందిన సంకేతం, పెట్టె తెరిచాక మరో బిల్లు ఉందని.

6. ఒక ఆక్షేపణ, సమాధానం:
ఇంటి ఆటను చేతిలోకి తేవడమే వీటా లోపమైతే, 2017లో వచ్చిన నింటెండో స్విచ్ అదే పని చేసి 15 కోట్లకు పైగా ఎలా అమ్ముడైందన్న ఆక్షేపణ సహజం. స్విచ్‌కూ వీటాకూ మౌలికమైన భేదం ఉంది. స్విచ్‌లో ఇంటి యంత్రమూ చేతి యంత్రమూ ఒక్కటే. టీవీ ముందు మొదలుపెట్టిన నిబద్ధరచనను అక్కడి నుంచే రైలులో కొనసాగించవచ్చు. తీరుబడి కావలసిన భాగానికి ఇల్లు, చిన్న భాగాలకు ప్రయాణం. సందర్భాన్ని గ్రహీత తానే ఎంచుకొంటాడు. వీటా మాత్రం ఇంట్లో ప్లేస్టేషన్ ఉన్నవాడిని, దాదాపు అదే రకం అనుభవం కోసం రెండవ యంత్రాన్ని, విడి ఆటలను, విడి కార్డును కొనమని అడిగింది.

యంత్రశక్తి ఒక్కటే చాలదన్నది కొత్త సంగతి కూడా కాదు. 1989లో గున్‌పెయ్ యొకోయి బృందం రూపొందించిన గేమ్‌బాయ్‌కి రంగులు లేవు, తెర వెనుక వెలుగు లేదు. మరుసటి ఏడాది సెగా సంస్థ తెచ్చిన గేమ్ గేర్‌కు ఆ రెండూ ఉన్నాయి. కానీ ఆరు బ్యాటరీలు కొద్ది గంటలకే అయిపోయేవి. గేమ్‌బాయ్ నాలుగు బ్యాటరీలతో అంతకు ఎన్నో రెట్లు నడిచేది. పైగా అమెరికా, ఐరోపాలలో దానితోపాటు టెట్రిస్ వచ్చింది. ఏ క్షణాన మొదలుపెట్టినా, ఏ క్షణాన ముగిసినా ఆ ఆటకు లోటు లేదు. అది శుద్ధముక్తకం.

7. ముగింపు:
వీటాను సాంకేతికంగా నాసిరకం యంత్రమని ఎవరూ అనలేరు. దానిపై వచ్చిన పెర్సోనా 4 గోల్డెన్, గ్రావిటీ రష్ వంటి రచనలను ఇష్టపడినవారు నేటికీ ఉన్నారు. పెర్సోనా సుదీర్ఘ రచనే అయినా రోజుకొక అధ్యాయంలా, పంచాంగం ప్రకారం సాగడం వల్ల చేతి యంత్రానికి ఇమిడింది. ఇటువంటి రచనలు తగినన్ని, తగిన వేళకు రాకపోవడమూ, వాటిని చేరే దారిలో అదనపు ఖర్చు పెట్టడమూ వీటాను దెబ్బతీశాయి. ఫోన్ మార్కెట్టును కుదించింది. ఆ కుదించిన మార్కెట్టులో వీటాకు చోటు లేకుండా చేసినది మాత్రం ఈ రెండు లోపాలే.

ఈ నిర్ధారణకు సాహిత్యరంగంలోనూ ప్రసక్తి ఉంది. సెల్‌ఫోన్ వచ్చాక చదివేవారు పోయారన్న మాట మన సదస్సులలో తరచు వినిపిస్తుంది. అది సాంకేతిక నియతివాదం. అంటే యంత్రం మారితే మనుషుల అభిరుచి దానంతటదే మారిపోతుందనే విశ్వాసం. ఆ మాట ప్రచురణకర్తకూ రచయితకూ విమర్శకుడికీ ఒక వెసులుబాటు ఇస్తుంది. లోపం బయట ఉన్నప్పుడు తమ పనిని పరీక్షించుకోవలసిన అవసరం ఉండదు. ఆ మాట అనేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అవే ఫోన్ల నడుమ నిలిచిన పత్రికగాని, ప్రచురణగాని ఉందా? మన రచన నిర్మాణం నేటి పాఠకుడి చదివే వేళకు ఇముడుతుందా? పుస్తకాన్ని చేరడానికి పాఠకుడు ధరకు మించి ఇంకేం చెల్లించవలసి వస్తోంది? వీటా, 3డీఎస్‌ల తులనాత్మక పరిశీలన వంటి పద్ధతిలో తెలుగు పత్రికల, ప్రచురణల చరిత్రను ఈ మూడు ప్రశ్నలతో అధ్యయనం చేయవలసిన అవసరం ఉంది.