ఆగకుండా నాడె మార్చే మగ్గం

పేక నూలు అయిపోయిన ప్రతిసారీ మగ్గం ఆపి కండె మార్చుకోవడం నేతపనిలో తప్పని తిప్పలు. మరమగ్గం వచ్చాక ఆ తిప్పలు పోకపోగా పెరిగాయి. మగ్గం ఎంత వేగంగా ఆడితే కండె అంత త్వరగా ఖాళీ అయ్యేది. 1890లలోనే అమెరికాలో నార్త్రప్ మగ్గం నడుస్తూనే కండె మార్చుకోవడం నేర్చింది. జపాన్‌లో వడ్రంగి ఇంట పుట్టిన సాకిచి టొయోడా, ఆయన కొడుకు కీచిరో మరో దారి పట్టారు. 1924లో వాళ్లు పూర్తిచేసిన జి-రకం మగ్గం ఏకంగా కండెను మోసే నాడెనే మార్చేస్తుంది.

ఆ మార్పు దగ్గర నిలబడి చూడాల్సిందే. కండెలో నూలు అడుగంటుతోందని తడిమి చూసే చిన్న పుల్ల కనిపెడుతుంది. నిండు కండెతో మరో నాడె పక్క అరలో సిద్ధంగా ఉంటుంది. పాత నాడె అంచుకు చేరి తిరిగి బయలుదేరే లోపు, ఆ రెప్పపాటులో, ఒక ఇనుపచేయి కొత్తదాన్ని లోపలికి నెడుతుంది. పాతది అవతలికి జారిపోతుంది. మగ్గం ఆగదు సరికదా, వేగమూ తగ్గదు.

పడుగు దగ్గర పద్ధతి పూర్తిగా వేరు. పోగుపోగుకూ ఓ పలుచని రేకు వేలాడుతుంటుంది. పోగు బిగువుగా ఉన్నంతసేపూ రేకు పైనే ఉంటుంది. తెగిందా, కిందపడి మగ్గాన్ని ఆపేస్తుంది. ఎక్కడ ఆగకూడదో, ఎక్కడ ఆగి తీరాలో ఒకే యంత్రం ఇంత కచ్చితంగా తెలుసుకుని మసలడమే దీని గొప్పతనమని నేనంటాను. ఒక్క కార్మికురాలు 30కి పైగా మగ్గాలు చూసుకోగలిగిందంటే కారణం ఇదే. అన్ని మగ్గాలకు ఒకే కూలి పడితే బట్ట ధర ఎంత దిగుతుందో వేరే చెప్పాలా!

జపాన్ నూలు మిల్లులు మొదట్లో పరాయి యంత్రాలతోనే నడిచాయి. 1883లో పని మొదలుపెట్టిన ఒసాకా మిల్లు కదుళ్లు ఇంగ్లండ్‌లోని ఓల్డ్‌హామ్ నుంచి, ప్లాట్ బ్రదర్స్ కర్మాగారం నుంచి వచ్చాయి. 1929 డిసెంబరులో అదే ప్లాట్ బ్రదర్స్ టొయోడా మగ్గం తయారీ హక్కులకు 100,000 పౌండ్లు ఇస్తానని ఒప్పందం రాసుకుంది. జపాన్, చైనా, అమెరికాలను మాత్రం అందులోంచి మినహాయించారు. తర్వాత బేరమాడి ఆ మొత్తాన్ని కొంత తగ్గించుకుంది కూడా. యాభై ఏళ్లు తిరక్కుండానే అమ్మినవాడు కొనడానికి వచ్చాడు!

కీచిరో అక్కడితో ఆగలేదు. 1933లో మగ్గాల కర్మాగారంలోనే మోటారు విభాగం తెరిచాడు. మగ్గాలకు ఇనుము పోతపోసిన చోటే ఇంజను సిలిండర్ దిమ్మెలు పోయడం మొదలైంది. ఎన్నో పోతలు పాడయ్యాకే చెయ్యి తిరిగింది. 1937లో ఆ విభాగం వేరుపడి టొయోటా మోటార్ కంపెనీ అయింది.