లాడ్ బజారు లక్కగాజులు

చార్మినారునకుఁ బడమట నున్న లాడ్ బజారు లక్కగాజులకుఁ బ్రసిద్ధము. 2024లో హైదరాబాదు లక్కగాజులకు భౌగోళిక సూచిక లభించినది. శిల్పకళాశాలల పరిశోధకులు వీనిని వర్ణించునపుడు రంగుల పొందికను, రాళ్ల వరుసలను మెచ్చి విడుచుట తఱచు. అది చాలదు. లక్క కాచిన మెత్తనగును, చల్లాఱిన గట్టిపడును. ఆ నడిమి కొలఁదికాలముననే రాళ్లు కుదురవలెను. వేడిని వ్రేళ్లే కొలుచును. కావున వరుసల తీరు అలంకారేచ్ఛ మాత్రమే కాదు, కాలముతోడి పెనుఁగులాటయును. అద్దాలపెట్టెలోని గాజును జూచువానికి నిది తోఁపదు. నిప్పు చెంతఁ గూర్చుండవలెను. మఱియొక లోపము పెద్దది. వ్యాసమున దుకాణము పేరుండును. ఇంటఁ గూర్చుండి రాళ్లు పొదిగిన స్త్రీ పేరుండదు. పనివారు ఉర్దూలోఁ బిలుచుకొను పనిముట్ల పేర్లును ఆంగ్లవ్యాసమునఁ గానరావు. గాజు కొలతలు మాత్రము పట్టికలో నిండుగ నుండును!