పసిచెవికి దండం

ఓ పసిచెవీ! వెన్నముద్దలో విరిసిన శంఖమా, అమ్మ ముద్దుల తడి ఆరని ముత్యపుచిప్పా, నాదాలన్నీ దిగి నీళ్లాడే రేవా! వెలుగు చూడకముందే విన్నదానివి నువ్వు. కడుపు చీకట్లో అమ్మ గుండె వేసిన తాళమే నీ తొలి పాఠం, ఆమె గొంతే నీ తొలి రాగం. అందుకే కాబోలు, నీ గుమ్మానికి తలుపుల్లేవు. జోలపాట వస్తే జోగుతావు, జాజర వస్తే గంతులేస్తావు, రోకటిపాటకైనా రంజిల్లుతావు. ఏ పాటనీ ఊరడగవు, పేరడగవు, కులమడగవు.

అదిగో, వీధి మొగలో గడ్డిమంట వేసి డప్పు కాస్తున్నారు. ఇంకా దగ్గరికి రా. సెగ తగిలేకొద్దీ తోలు బిగుస్తోంది. వేళ్లతో తట్టి చూసినప్పుడల్లా దాని గొంతు ఎలా మారుతోందో విను: ముందు బొంగురు, ఆపైన బిరుసు, చివరికి ఖంగుమనే కంచు! ఇక ఒక చేత చిర్ర, ఒక చేత చిటికెనపుల్ల. అది ఉరుములు కురిస్తే ఇది చిటపట చినుకులు చిలకరిస్తుంది. "అది మనం వినే పాట కాదు" అని రెక్క పట్టి లాగే పెద్దలుంటారు. వాళ్ల మీద కోపం వద్దు. వాళ్ల చెవికీ చిన్నప్పుడే ఎవరో గడియ వేసి ఉంటారు.

ఆ ఫిడేలును చూడు! సముద్రాలు దాటి వచ్చింది. విజయనగరంలో ద్వారం వెంకటస్వామినాయుడి చేతిలో, గడ్డం కింద ఒదిగే పాత అలవాటు మాని, పాదం మీద తల ఆన్చి, గమకాల ఊయల ఊగింది. కరవది షేక్ చినమౌలానా నాదస్వరం శ్రీరంగంలో, రంగనాథుడి నీడన కాపురం పెట్టింది. ఎక్కడి నాదానికి ఎక్కడి మెట్టినిల్లు! దర్గాలో ఖవాలీ చప్పట్లు, చర్చిలో కలిసి లేచే గొంతులు, మొజార్టు పియానో మెట్ల మీద జలజల, పక్కింటి కుర్రాడి ర్యాపు (అదీనూ!): అన్నీ నీ చుట్టాలే, అన్నిటికీ నీ అరుగు మీద చోటుంది.

నీకు పరీక్షలు పెట్టను, బంగారూ. "ఇదేం రాగమో చెప్పు" అని చుట్టాల ముందు నిలబెట్టను. మాయామాళవగౌళ సరళీస్వరాలు రేపు రానీ, తొందరేముంది? ఇవాళ నీ పక్కన కూర్చుని నేనూ వింటాను. నువ్వు మళ్లీ అంటే మళ్లీ, చాలంటే చాలు. ఈ రాత్రి ఊరి నడుమ ఒగ్గుకథ ఉంది. డోళ్లు దిక్కులు దద్దరిల్లేలా మోగుతాయి, బీరప్ప కథ తెల్లవార్లూ నడుస్తుంది. పద పద, ముందు వరుసలో చోటు పోతుంది!