తూటాకు కందెన

పాతకాలపు తుపాకి మందు, అంటే నల్లపొడి, కాలినప్పుడు అంతా వాయువైపోదు. పందొమ్మిదో శతాబ్దంలో నోబుల్, ఏబెల్ అనే ఇద్దరు ఇంగ్లండ్‌లో ఇనుప పాత్రల్లో మందు బిగించి పేల్చి లెక్కకట్టారు. నూరు పాళ్ల మందులో వాయువుగా మారేది దాదాపు 43 పాళ్లు. మిగతా 57 పాళ్లలో చాలావరకు పొటాషియం లవణాలే. అందులో కొంత తెల్లటి పొగై బయటికి పోతుంది, కొంత గొట్టం లోపలి గోడకు పొరగా పడుతుంది. రెండు మూడు గుళ్లు పేల్చేసరికి ఆ పొర ఎండి పెంకు కడుతుంది. నాలుగో గుండు గొట్టంలోకి దిగనని మొరాయిస్తుంది. దట్టించే కడ్డీతో బలవంతాన దించితే సీసం గీరుకుపోయి గురి తప్పుతుంది. రాత్రికి అదే పొర గాలిలో తేమ పీల్చుకుని తుప్పు తెస్తుంది.

గుండుకు పూసే కందెన అసలు పని ఈ పెంకును మెత్తగా ఉంచడం. జారుడు కోసం పూస్తారనుకుంటారు చాలామంది. జారుడు కూడా కావాలి కానీ అది రెండో సంగతి. ఎడ్లబండి ఇరుసుకు ఆముదంలో మసి కలిపి పెట్టినప్పుడు ఇనుమూ కట్టే రాసుకోకుండా ఉంటే చాలు. తుపాకి గొట్టంలో మాత్రం పోయే గుండు పోతూ పోతూ వెనకటి గుండు వదిలిన మసిని తడిపి, కొంత ఊడ్చుకుపోవాలి. అందుకే నల్లపొడి తుపాకులతో పోటీల్లో పాల్గొనేవాళ్లు ప్రతి గుండు తరవాతా గొట్టం మూతి చూస్తారు. మూతి చుట్టూ జిడ్డు నక్షత్రంలా అంటి ఉంటే కందెన చివరిదాకా సరిపోయినట్టు. మూతి పొడిగా, బూడిదరంగుగా ఉంటే సగం దారిలోనే అయిపోయిందని అర్థం.

పెట్రోలియం సరుకు ఇక్కడ పనికిరాదు. గ్యారేజీలో దొరికే గ్రీజు, ఇంజను ఆయిలు నల్లపొడి మసితో కలిస్తే తారులా బిగుసుకుపోతాయి. గుడ్డతో తుడిస్తే రావు, వేడినీళ్లకు లొంగవు. జంతువుల కొవ్వు, మొక్కల నూనె, తేనెమైనం అయితే మసి మెత్తగా ఉంటుంది, కాసిని వేడినీళ్లు పోస్తే కడుక్కుపోతుంది. రెండు వందల ఏళ్లుగా ఈ విద్య తెలిసినవాళ్లు తిరిగి తిరిగి ఈ మూడింటి దగ్గరికే వస్తున్నారు. అమెరికాలో ఇప్పటికీ పేరున్న ఒక ఇంటి వంటకంలో సగం తేనెమైనం, మిగతాది మన డాల్డాలాంటి గడ్డకట్టిన వంటనూనె, కొద్దిగా కనోలా నూనె.

హైదరాబాద్ పక్కన మోకిలలో నిలబడి చూస్తే ఈ సరుకంతా చుట్టుపక్కలదే. ఒకప్పటి హైదరాబాద్ రాజ్యం ఆముదాల పంటకు దేశంలోనే ముందుండేది. చేవెళ్ల, మొయినాబాద్ వైపు పొలాలు ఇప్పుడు కూరగాయలకూ పూలకూ తిరిగాయి, కొన్ని విల్లాలకు తిరిగాయి. అయినా ఆముదానికి కొరత లేదు. తేనెమైనం సంగతి ఇంకా తమాషా. చెట్లు పోయినా పెద్ద తేనెటీగలు పోలేదు. కోకాపేట నుంచి శంకర్‌పల్లి దారి పొడవునా కొత్తగా లేచిన మేడల బాల్కనీల కింద పట్లు పెడుతున్నాయి. తేనె పిండుకున్నాక మిగిలిన పిప్పిని గుడ్డలో మూటగట్టి, నీళ్లలో వేసి మరిగిస్తే మైనం కరిగి పైకి తేలుతుంది. చల్లారాక పసుపుపచ్చని బిళ్లలా చేతికొస్తుంది. బిళ్ల అడుగున అంటుకున్న నల్లటి చెత్తను కత్తితో గీకేస్తే సరి. చెప్పులు కుట్టే దారానికీ, ఆదిలాబాద్ ఓజా కళాకారుల ఇత్తడి పోతకూ వాడేది ఈ మైనమే.

నూనె ఎంచుకోవడంలో ఒక మెలిక ఉంది. తాండూరు వైపు పండే కుసుమ నూనె వంటకు మంచిదే, కందెనకు మాత్రం పనికిరాదు. అవిసె నూనెలాగే అది గాలి తగిలితే ఆరి పొరకడుతుంది.  ఆముదం ఆరదు. చిక్కగా, జిగటగా, ఎన్నాళ్లున్నా తడిగానే ఉంటుంది. కరిగిన తేనెమైనంలో చక్కగా కలిసిపోతుంది. ఆడవాళ్లు పెదవులకు రాసుకునే చాలా లిప్‌స్టిక్‌లలో కూడా ఆ రెండూ ఉంటాయి.

పాళ్లు ఊరి ఎండను బట్టి ఉంటాయి. తేనెమైనం కరిగేది 62 డిగ్రీల పైన. పశువుల కొవ్వు అంతకన్నా చాలా తక్కువ వేడికే కరిగిపోతుంది. మే నెలలో ఈ ప్రాంతంలో నీడలోనే 42 డిగ్రీలు పడతాయి, ఎండలో పెట్టిన ఇనప్పెట్టె లోపల చెప్పనక్కర్లేదు. కొవ్వు ఎక్కువైన కందెన ఆ వేడికి కారి మందులోకి ఇంకుతుంది. తడిసిన మందు తుస్సుమంటుంది. మైనం పాలు పెంచితే కారదు, మరీ పెంచితే చలికాలపు పొద్దున పెళుసై గుండు మీంచి రాలిపోతుంది.

ఇక పూయడం. వేళ్లతో ఒక్కో గుండుకూ రాసేది పాత పద్ధతి. చేతులూ బల్లా జిడ్డు, గుండు అడుగున కూడా జిడ్డు. ఆ అడుగు మందును ఆనుకునే చోటు కాబట్టి అక్కడ కందెన అంటకూడదు. శుభ్రంగా చేసే పద్ధతి పళ్లెంలో పోత. అచ్చులో పోసి తీసిన సీసం గుళ్ల నడుముకు గాడులు ఉంటాయి. అంచున్న పళ్లెంలో వాటిని ఒకదానికొకటి తగలకుండా నిలబెడతారు. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టరు, అంటుకుంటుంది. మరిగే నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగిస్తారు. గుళ్ల మీద పడకుండా పళ్లెం అంచు నుంచి మెల్లగా పోస్తూ, పై గాడి మునిగేదాకా వచ్చాక ఆపుతారు. గుళ్లు చల్లగా ఉంటే మైనం వాటికి పట్టకుండా చుట్టూ సందు వదిలి గడ్డకడుతుంది, అందుకని పళ్లేన్ని ముందుగా కొంచెం వేడిచేస్తారు.

గట్టిపడ్డాక మొత్తం బిళ్లను పళ్లెంలోంచి తిప్పి తీస్తారు. అడుగు కోసేసిన పాత ఇత్తడి తూటా గొట్టాన్ని గుండు నెత్తిన పెట్టి కిందికి నొక్కితే, గుండు గాడుల్లో మాత్రమే మైనం నింపుకుని గొట్టంలోకి ఎక్కుతుంది. తరవాతి గుండు దాన్ని పైకి తోస్తుంది. నడుము తప్ప ఇంకెక్కడా జిడ్డు ఉండదు. మిగిలిన బిళ్ల జల్లెడలా చిల్లులు పడి ఉంటుంది. ఆ చిల్లుల్లోనే మలి వాయి గుళ్లు నిలబెట్టి మళ్లీ వెచ్చబెడతారు. ఒక్క చుక్క వృథా కాదు. ఈ పనిలో నాకు బాగా నచ్చేది ఇదే.

ఇంత చిన్న పనిని పట్టించుకోకపోవడం ఒక సామ్రాజ్యాన్ని కుదిపింది. ఈస్టిండియా కంపెనీ సిపాయిలకు తెచ్చిన ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటా కాగితం పొట్లం. గుండు ఉన్న కొసకు కొవ్వు పూసేవారు, మందు ఉన్న కొసను సిపాయి పళ్లతో చింపేవాడు. పళ్లకు తగిలేది కొవ్వు లేని కొస అని అప్పట్లో కొందరు వాదించారు. ఎండకు కరిగిన కొవ్వు కాగితమంతా పాకదని హామీ ఎవరిస్తారు? 1853లోనే ఇలాంటి తూటాలను మన వాతావరణానికి తట్టుకుంటాయో లేదో చూడమని ఇంగ్లండ్ నుంచి పంపారు. కలకత్తా, కాన్పూరు, రంగూన్‌లలో వాటిని సిపాయిల సంచుల్లో పెట్టి మోయించి పరీక్షించారు. ఆ డిసెంబరులోనే బెంగాల్ సైన్యంలోని కర్నల్ టక్కర్, ఆ కొవ్వు కులమతాలకు అడ్డురానిదని తేలేదాకా దేశీ పటాలాలకు ఇవ్వొద్దని రాశాడు. ఆ కాగితం ఎక్కడో ఆగిపోయింది. 1857 జనవరిలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో, తూటాలకు పూసింది ఆవు కొవ్వు, పంది కొవ్వు అన్న పుకారు పుట్టింది. అప్పుడు సిపాయిలు తామే మైనం, నూనె చాలునన్నారు. బజారులో ఎవరికి నచ్చింది వాళ్లు కొని పూసుకోవచ్చని సర్కారు ఆ నెలాఖరుకే ఒప్పుకుంది కూడా. అప్పటికే నమ్మకం పోయింది.

విచిత్రం ఏమిటంటే సిపాయిలు చెప్పిన మాటే సాంకేతికంగానూ సరైనది. మొదట ఎన్‌ఫీల్డ్ కందెనలో కొవ్వు అయిదు పాళ్లు, మైనం ఒక పాలు. నిలవ ఉంటే కొవ్వులోని ఆమ్లం సీసాన్ని తిని గుండు పైన తెల్లటి పొర లేపింది, గొట్టంలో పట్టనంత లావు చేసింది. ఇంగ్లండ్‌లోనే ఆ లెక్క తిరగేసి మైనాన్ని అయిదు పాళ్లు, కొవ్వును ఒక పాలు చేశారు. ఆ తరవాత వచ్చిన మార్టినీ-హెన్రీ తూటాలో గుండు కింద అచ్చంగా తేనెమైనం బిళ్లే పెట్టారు. మతం కోసం సిపాయిలు అడిగినదాన్నే రసాయనశాస్త్రం పేరుతో ఒప్పుకున్నారన్నమాట.

హైదరాబాద్‌లో కథ వేరు. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ వెంట జనం కోఠీ రెసిడెన్సీ మీదికి వెళ్లింది తమ పటాలం నుంచి పారిపోయి వచ్చి పట్టుబడ్డ సవార్లను విడిపించడానికి. కొవ్వు తూటాలు ఆ కోపంలో ఒక పాయ మాత్రమే.   ఇక కందెన సంగతికొస్తే, 1940ల తెలంగాణ పోరాటంలో ఊళ్లవాళ్ల చేతుల్లో వడిసెలల పక్కన ఉన్నవి భర్మార్లు, అంటే మూతిలోంచి మందూ గుండూ దట్టించే తుపాకులు. వాటి గొట్టంలో మెలి గాడులు లేవు కాబట్టి గుండుకు గాడులూ ఉండవు. గుండు చుట్టూ చుట్టే గుడ్డముక్కకే జిడ్డు పట్టించాలి. నూనె కారేలా తడిపితే మందు పాడవుతుంది, మైనం కలిపిన జిడ్డు అయితే గుడ్డలోనే ఉండిపోతుంది.

మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 నాటి ఆయుధాల చట్టం కింద నేరం. ఇంట్లో కూర్చుని సీసం కరిగించి తూటాలు కట్టుకునే అమెరికా సరదా ఇక్కడ కుదరదు. కుదరకపోవడమే మంచిదని నా అభిప్రాయం. అయితే అదే చట్టం పదమూడో సెక్షను, నిజంగా పంట కాపాడుకోవడానికే అయితే మూతి నుంచి దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చని ఒక తలుపు తెరిచి ఉంచింది. 2023లో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వేలంలో మోకిల ప్లాట్లు గజం లక్ష దాకా పలికిన మాట నిజమే. కానీ ఆ ప్లాట్లు దాటి వికారాబాద్ వైపు పోతే మొక్కజొన్న చేలలో అడవిపందులు ఇప్పటికీ పడుతున్నాయి. అక్కడ రైతుకు అలాంటి లైసెన్సు దొరికితే, మందు లెక్క ప్రకారం కొనాలి, తుపాకి పోలీసులకు చూపించాలి. మైనానికీ ఆముదానికీ మాత్రం ఏ కాగితమూ అడగరు, బేగంబజారులో తూకానికి అమ్ముతారు.