లేచేదాకా ఆగు

జనవరిలో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డెక్కితే రెండు పక్కలా పులికాట్ సరస్సే. పిల్లల్ని వెంటబెట్టుకొని వచ్చినవాళ్లు కారాపి, దూరంగా నీళ్లలో నిలబడ్డ రాజహంసలను ఫోన్లో తీసుకొని ముందుకెళ్లిపోతారు. అదే రోడ్డు వారన ట్రైపాడ్ మీద స్కోపు బిగించి, పొద్దెక్కేదాకా ఒకేచోట నిలబడే స్నేహితుల గుంపులూ ఉంటాయి. ఇడ్లీ పొట్లాలు కట్టించుకొని చీకటితోనే నెల్లూరు నుంచో తిరుపతి నుంచో బయల్దేరిన వాళ్లు. ఒకరి మెడలో బైనాక్యులర్, ఒకరి చేతిలో పిట్టల పుస్తకం, ఇంకొకరి దగ్గర నోట్‌బుక్. ఆ రోజుకు రుచి తెచ్చేది వాళ్ల మధ్య నడిచే వాదన.

బురద అంచున గాడ్విట్ పిట్టలు ఒంటికాలి మీద నిలబడి, పొడుగాటి ముక్కును వీపు ఈకల్లో దోపుకొని కునుకు తీస్తుంటాయి. నల్లతోకవా, చారలతోకవా?

"నల్లతోకేరా, కాళ్ల పొడుగు చూడు" అంటాడొకడు.

"నిద్రపోతున్నదాన్ని చూసి రాసేయమంటావా? లేచేదాకా ఆగు" అంటుంది నోట్‌బుక్ పట్టుకున్నామె.

ఆగుతారు. ఎప్పటికో మార్ష్ హారియర్ అనే గద్ద నీటి మీదుగా తక్కువ ఎత్తులో వస్తుంది. గుంపంతా ఒక్కసారి లేస్తుంది. రెక్కల్లో తెల్లపట్టీ, తోక చివర నల్లపట్టీ. వాదన తీరిపోతుంది. ఒంటరిగా వచ్చినవాడైతే తొలి ఊహనే రాసుకొని వెళ్లిపోయేవాడేమో. పక్కన నమ్మని మనిషి ఒకరుండటం ఈ పనిలో పెద్ద అండ.

లెక్కపెట్టడంలోనూ అంతే. వేల పక్షులను ఒక్కొక్కటిగా లెక్కించడం అయ్యే పని కాదు. ముందు పదింటిని లెక్కపెట్టి, అవి ఎంత చోటు పట్టాయో కంటితో కొలుచుకుంటారు. అలాంటివి పది కలిపితే వంద. ఆ వంద కొలతను గుంపు మీద జరుపుకుంటూ పోతారు. చిక్కేమిటంటే, గుంపు నడుమ కిక్కిరిసి ఉంటుంది, అంచుల్లో పలచబడుతుంది. అందుకే ఇద్దరు విడివిడిగా లెక్కించి, చివర్లో సరిచూసుకుంటారు. తేడా ఎక్కువైతే మళ్లీ మొదటికి. 1987లో మొదలై ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన ఎక్కువగా ఇలాంటి స్వచ్ఛంద సేవకుల కళ్ల మీదే నడుస్తోంది.

రాజహంసను స్కోపులో చూడటం వేరే అనుభవం. తల తలకిందులు చేసి ముక్కును నీళ్లలో ముంచుతుంది. కాళ్లతో బురద తొక్కి కలుపుతుంది. నాలుకతో నీటిని లోపలికి లాగి బయటికి నెడుతుంటే, ముక్కు అంచుల్లోని సన్నటి జల్లెడలో మేత చిక్కుకుంటుంది. గులాబీ రంగు ఆ మేత నుంచి వచ్చిందే. గుంపులో బూడిదరంగువి కనిపిస్తే అవి ఇంకా రంగు తేలని పిల్లలు.

వచ్చిన ప్రతి పక్షినీ సైబీరియా చుట్టమనడం మనవాళ్లకు అలవాటైపోయింది. తేలినీలాపురంలోనూ వీరాపురంలోనూ గూళ్లు కట్టే పెయింటెడ్ స్టార్కులను సైబీరియా కొంగలనే పిలుస్తారు. నిజానికవి మన ఉపఖండం కొంగలే. రాజహంసలు గుడ్లు పెట్టే పెద్ద తావు గుజరాత్‌లోని కచ్ రణ్. అసలైన సైబీరియా కొంగ మన దేశంలో చివరిసారి కనిపించింది 2002లో, భరత్‌పూర్‌లో. ఉత్తరాది చలిని తప్పించుకొని దూరం నుంచి వచ్చేవి సూదితోక బాతులు, గాడ్విట్లు. బార్‌హెడెడ్ గూస్ అయితే హిమాలయాలనే దాటి వస్తుంది. ఎవరు అతిథో, ఎవరు ఇంటివాళ్లో తెలిస్తేనే ఎవరికి ఏ చెరువు అవసరమో తెలుస్తుంది.

మధ్యాహ్నం దాటాక బండి నేలపట్టు వైపు తిరుగుతుంది. అక్కడ చెరువు నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతుల గూళ్లు. పిల్ల తన తలను తల్లి గొంతు సంచిలోకి దాదాపు మెడదాకా దూర్చి చేపలు తింటుంది. మొదటిసారి చూసేవాళ్లు తల్లి పిల్లను మింగేస్తోందనుకొని కంగారుపడతారు. పక్షుల రెట్టతో బలం పుంజుకున్న ఆ చెరువు నీరు పొలాలకు మంచిదని చుట్టుపక్కల రైతులకు బాగా తెలుసు. గూళ్ల జోలికి ఎవరినీ పోనివ్వకపోవడానికి అదీ ఒక కారణం.

పులికాట్ నీటిమట్టం ఈశాన్య రుతుపవనాల చేతిలో ఉంటుంది. వానలు మరీ ఎక్కువైతే రాజహంసలకు కాలు మోపే లోతు దొరకదు, మొహం చాటేస్తే మడుగులు ముందే ఎండిపోతాయి. కాబట్టి బయల్దేరే ముందు అక్కడి జాలర్లనో పక్షుల మిత్రులనో అడిగి వెళ్లడం మంచిది. వేసవి ముదరకముందే బాతులు తిరుగు ప్రయాణం కడతాయి. సంక్రాంతికి కుదరనివాళ్లు మార్చిలో వెళ్లినా, నేలపట్టు గూళ్లలో ఎదిగిన పిల్లలు రెక్కలు విదిలిస్తూ కనిపిస్తాయి.