మోటారు ఎవరు వేసినట్టు?

రాస్ప్‌బెర్రీ పై బోర్డుతో ఇంటి ట్యాంకు మోటారు నడిపించుకునేవాళ్లు తమ ప్రోగ్రామ్ గురించి ఎంతసేపైనా చెబుతారు. ట్యాంకు నిండితే ఆపుతుందట, ఫోనుకి మెసేజ్ పెడుతుందట. నేను అడిగేది ఒక్కటే: కరెంటు పోయి వచ్చాక, ఆ ప్రోగ్రామ్ మొదలయ్యేలోపు మోటారు సంగతేంటి? అక్కడ చాలామంది తడుముకుంటారు.

కరెంటు అందగానే బోర్డు మీది జీపీఐఓ పిన్నులన్నీ ఇన్‌పుట్‌లుగా ఉంటాయి. అలాగని ఊరికే ఉండవు. చిప్ లోపల పిన్నుకొకటి చొప్పున సుమారు 50 వేల ఓమ్‌ల రెసిస్టర్ 0 నుంచి 8 వరకు ఉన్నవాటిని 3.3 వోల్టుల వైపు, 9 నుంచి 27 వరకు ఉన్నవాటిని గ్రౌండ్ వైపు లాగి పట్టుకుంటుంది. ఆ కొద్దిపాటి లాగుడుతో రిలే కదలదు గానీ, మాస్‌ఫెట్ గేటుకి కరెంటుతో పనిలేదు, వోల్టేజీ చాలు. 5వ జీపీఐఓకి మాస్‌ఫెట్ తగిలిస్తే లైనక్స్ ఇంకా లేవకముందే అవతల పంపు తిరుగుతుంటుంది. అదే 17కి తగిలిస్తే తిరగదు. 14వది ఇంకో తంటా. సీరియల్ కన్సోల్ ఆన్‌లో ఉంటే బూట్ మెసేజ్‌లన్నీ దాని గుండానే బయటికి పోతాయి.

బజారులో దొరికే నీలం రిలేల బోర్డుల్లో చాలావాటిది తిరకాసు లెక్క: పిన్ను సున్నాకి దిగితే రిలే ఆన్, పైకెక్కితే ఆఫ్. పిన్నును అవుట్‌పుట్‌గా మార్చడం ఒక పని, దాని విలువ రాయడం వేరే పని. విలువ చెప్పకుండా అవుట్‌పుట్ చేస్తే రీసెట్ నాటి సున్నాయే బయటికొస్తుంది. టక్‌మని చప్పుడు, ఎర్ర ఎల్‌ఈడీ ఒక్క మెరుపు, మరుక్షణం మళ్లీ టక్. బల్బయితే ఎవరూ పట్టించుకోరు. అవతల మోటారు కాంటాక్టర్ ఉంటే ఆ కుదుపు ఊరికే పోదు. అందుకే పైథాన్‌లో సెటప్ చేసే వరసలోనే ఇనిషియల్ హై అని ఇచ్చేయాలి.

రిలే 17కి ఉండి, అంతకంటే ముందే హై కావాలంటే కాన్ఫిగ్ ఫైల్లో ఒక వరస చాలు: జీపీఐఓ=17=ఓపీ,డీహెచ్. ఓపీ అంటే అవుట్‌పుట్, డీహెచ్ అంటే హై. లైనక్స్‌తో నిమిత్తం లేకుండా ఫర్మ్‌వేరే ఆ పని చేస్తుంది. అయినా కరెంటొచ్చాక కొన్ని సెకన్లు పడుతుంది. యూఎస్‌బీ నుంచో నెట్‌వర్క్ నుంచో బూటయితే ఇంకా ఆలస్యం. ఎస్‌డీ కార్డు పాడైతే ఆ వరస చదివే దిక్కే ఉండదు.

ఇలాంటి చిక్కే పొలాల్లోనూ ఉంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, కరెంటు రాగానే మోటారును దానంతటదే వేసే ఆటోస్టార్టర్లు తీసేయమని రైతుల వెంటపడ్డారు. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఏం కావాలి, భూగర్భ జలం ఏం కావాలి? కానీ అర్ధరాత్రి ఎప్పుడొస్తుందో తెలియని కరెంటు కోసం బావి దగ్గర కాపలా కాసిన మనిషి ఆటోస్టార్టర్‌ను కావాలనే పెట్టుకున్నాడు. మన బోర్డు పిన్ను విషయంలో ఎవరూ ఏమీ అనుకోలేదు, అదీ గొడవ.

మాస్‌ఫెట్ అయితే గేటు నుంచి గ్రౌండ్‌కి ఒక 10కె రెసిస్టర్ నా మందు. గోధుమ, నలుపు, నారింజ గీతలది. లోపలి 50 వేల ఓమ్‌లు పైకి లాగినా గేటు దగ్గర అర వోల్టు దాటి కాస్త మిగులుతుంది, అంతకి మాస్‌ఫెట్ ఆన్ అవదు. ప్రోగ్రామ్ హై అన్నప్పుడు దాన్ని తోసుకుపోవడం పిన్నుకి లెక్కలోది కాదు. రిలే అయితే మోటారు వైరు ఎన్‌ఓ (మామూలుగా తెరిచి ఉండే) వైపే ఉండాలి, ఎన్‌సీ (మామూలుగా మూసి ఉండే) వైపు వద్దు.

చూసుకోవడం కష్టమేం కాదు. మెయిన్ ఆపి, కాంటాక్టర్ కాయిల్ వైరు విప్పి పక్కన పెట్టండి. ఎస్‌డీ కార్డు తీసేసి బోర్డుకి కరెంటివ్వండి. తర్వాత కార్డు పెట్టి మళ్లీ ఇవ్వండి, ప్రోగ్రామ్ మొదలయ్యేదాకా రిలే మీది ఎల్‌ఈడీని చూస్తూనే ఉండండి. ఒక్కసారి మెరిసినా కాయిల్ వైరు బిగించొద్దు.