రికార్డు తీసేసి రీస్టార్ట్ చేయండి

ఐటీ కన్సల్టింగ్ కంపెనీలో నువ్వు చేసే పనేంటమ్మా అని ఊళ్లో పెద్దవాళ్లు అడిగితే చాలాకాలం "కంప్యూటర్ పని" అనేసి ఊరుకునేదాన్ని. ఇప్పుడు కాస్త వివరంగానే చెబుతున్నాను. అమెరికాలో ఒక బీమా కంపెనీ ఉంటుంది. దాని పాలసీలు, ప్రీమియాలు, క్లెయిములు అన్నీ కంప్యూటర్ల మీదే నడుస్తాయి. ఆ ప్రోగ్రాములు రాయడానికి, రాసినవి అర్ధరాత్రి ఆగిపోకుండా కాచుకోవడానికి అది మాలాంటి కంపెనీకి కాంట్రాక్టు ఇస్తుంది. మేం గంటల లెక్కన పనిచేస్తాం. కాంట్రాక్టు ముగిస్తే ఆ పని ఇంకొకరికి అప్పజెప్పి మరో క్లయింట్ దగ్గరికి వెళ్తాం. అక్కడ మాకంటే ముందు ఎవరో చేసిపెట్టి వెళ్లినదాన్ని అందుకుంటాం.

ఈ అందుకోవడాన్ని, అప్పజెప్పడాన్ని ఆఫీసులో కేటీ అంటారు. నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్. కోడ్ రాయడం ఎక్కడైనా నేర్చుకోవచ్చు, అమీర్‌పేటలో మూడు నెలల కోర్సులో కూడా. ఎవరో కట్టినదాన్ని, ఎందుకలా కట్టారో తెలుసుకుని, తెలిసింది తెలిసినట్టు తర్వాతివాళ్ల చేతిలో పెట్టడం మాత్రం కన్సల్టింగ్‌లోనే నేర్చుకోవాలి. నా దృష్టిలో మా అసలు విద్య అదే. అన్నిటికంటే తక్కువ టైమ్ ఇచ్చేది కూడా దానికే.

కేటీ ఎలా జరుగుతుందో చెబుతాను. కాంట్రాక్టు పోగొట్టుకున్న కంపెనీ టీమ్ ఒకవైపు, కొత్తగా దక్కించుకున్న టీమ్ మరోవైపు కూర్చుంటాయి. పోతున్నవాళ్లలో సగంమంది అప్పటికే వేరే ప్రాజెక్ట్ ఇంటర్వ్యూల హడావిడిలో ఉంటారు, మిగతా సగం నోటీస్ పీరియడ్‌లో ఉంటారు. వచ్చినవాళ్లకు క్లయింట్ ముందు తెలియదని అనడానికి బెరుకు. మొదట స్లైడ్లు, తర్వాత కొన్నాళ్లు షాడో, అంటే పాతవాళ్లు చేస్తుంటే కొత్తవాళ్లు చూడటం. తర్వాత రివర్స్ షాడో, కొత్తవాళ్లు చేస్తుంటే పాతవాళ్లు చూడటం. చివర్లో అన్నీ అర్థమయ్యాయని సైన్ ఆఫ్. సెషన్లన్నీ రికార్డ్ చేసి షేర్‌పాయింట్‌లో పెడతారు. వాటిని మళ్లీ తెరిచి చూసినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు.

హార్ట్‌ఫర్డ్‌లో ఒక బీమా కంపెనీ పని మేం అలాగే అందుకున్నాం. కనెటికట్ రాష్ట్రంలోని ఆ ఊరికి అమెరికా బీమా రాజధాని అని పేరు. అప్లికేషన్ మెయిన్‌ఫ్రేమ్ మీదిది, కోబాల్‌లో రాసింది. నెలాఖరు బ్యాచ్, అంటే నెల లెక్కలు వరసగా వేసే జాబుల గుంపు, వాళ్ల రాత్రి పదకొండు గంటలకు మొదలయ్యేది. మనకు ఎండాకాలంలో పొద్దున ఎనిమిదిన్నర. నవంబర్‌లో వాళ్లు గడియారాలు వెనక్కి తిప్పాక తొమ్మిదిన్నర. ప్రతి నెలా ఆ బ్యాచ్‌లో ఒకే జాబ్, ఒకే స్టెప్ దగ్గర పడిపోయేది. అబెండ్ కోడ్, అంటే ప్రోగ్రాం అర్ధంతరంగా ఆగినప్పుడు వచ్చే కోడ్, ఎస్‌0సీ7. మా మెయిన్‌ఫ్రేమ్ వాళ్లంతా సాక్ సెవెన్ అంటారు. లెక్క వేయాల్సిన గడిలో అంకె కాకుండా ఇంకేదైనా ఉంటే యంత్రం ఆ లెక్క చేయదు, ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది. ఇక్కడ ప్రీమియం మొత్తం ఉండాల్సిన గడి ఖాళీగా వస్తోంది.

పాత టీమ్ ఇచ్చిన రన్‌బుక్‌లో, అంటే ఏది ఆగితే ఏం చేయాలో రాసిపెట్టుకునే పుస్తకంలో, దీనికి ఒకే వాక్యం ఉంది. ఆ రికార్డు తీసేసి రీస్టార్ట్ చేయండి.

ఆ వాక్యం పనిచేస్తుంది కూడా. రికార్డు తీసేస్తే జాబ్ పూర్తవుతుంది, తెల్లారేసరికి వాళ్ల ఆఫీసులో రిపోర్టులు సిద్ధంగా ఉంటాయి. టికెట్ గడువులోపే మూసేస్తారు. నెలవారీ రివ్యూలో ఎస్‌ఎల్‌ఏ, అంటే కాంట్రాక్టులో ఒప్పుకున్న గడువుల గడులన్నీ పచ్చగా కనిపిస్తాయి. ఏళ్లతరబడి అలాగే నడిచింది. అందులో ఎవరినీ తప్పుపట్టలేం. వాళ్లను కొలిచిన కొలతే అది, ఎంత తొందరగా రీస్టార్ట్ చేశారు అన్నదే.

మా టీమ్‌లో అప్పుడే చేరిన ఒకమ్మాయి, అనంతపురం వైపు నుంచి వచ్చింది, షాడో సమయంలో నా పక్కన కూర్చుని అడిగింది.

"అక్కా, తీసేసిన రికార్డు ఎక్కడికి పోతుంది?"

రన్‌బుక్‌లో లేదు. పాత టీమ్ లీడ్‌ని కాల్‌లో అడిగితే "మేం వచ్చినప్పటి నుంచీ అంతేనండీ" అన్నాడు. పాపం నిజమే చెప్పాడు. అతనికి ముందువాళ్లు ఇచ్చింది కూడా ఆ ఒక్క వాక్యమే. ఆ రికార్డులో మనిషి పేరు మాకు కనిపించదు, ఆఫ్‌షోర్‌కు, అంటే ఇండియాలో ఉన్న మాకు, వచ్చే డేటాలో పేర్లు మాస్క్ చేసి ఉంటాయి. పాలసీ నంబరు మాత్రం కనిపిస్తుంది. ఆ నంబర్లు పట్టుకుని ఆ అమ్మాయి వెనకటి నెలలన్నీ తిరగేసింది. కొన్ని నంబర్లు నెల నెలా మళ్లీ మళ్లీ వస్తున్నాయి.

వాటిని తీసుకుని క్లయింట్ ప్రీమియం అకౌంటింగ్‌లో ఉన్న ఒక పెద్దావిడకు ఫోన్ చేశాం. ఆ కంపెనీలో చాలాకాలంగా పనిచేస్తున్న మనిషి. నంబర్లు వినగానే గుర్తుపట్టింది. అవన్నీ ప్రీమియం మాఫీ పాలసీలట. జీవిత బీమాలో అలాంటి రైడర్ ఒకటి ఉంటుంది. పాలసీదారు పనిచేయలేని స్థితికి వస్తే అప్పటి నుంచి ప్రీమియం కట్టక్కర్లేదు, పాలసీ మాత్రం బతికే ఉంటుంది. ఏజెంట్ల వైపు నుంచి ఫైలు పంపే పాత సిస్టమ్ అలాంటివాళ్లకు ప్రీమియం సున్నా అని పంపాల్సింది, ఖాళీగా పంపుతోంది. మేం రికార్డు తీసేస్తే ఆ నెల ప్రీమియం జమకాలేదని లెక్క. అలా వదిలేస్తే మంచం పట్టిన మనిషి ఇంటికి నీ పాలసీ రద్దు కాబోతోందని ఉత్తరం వెళ్తుంది.

"మరి ఇన్నాళ్లూ వెళ్లలేదా?" అని అడిగాను.

వెళ్లనివ్వలేదట. బ్యాచ్ అయిన మర్నాడు ఆవిడ ఆ పాలసీలను ఒక్కొక్కటీ తెరిచి చేత్తో సరిచేసేది. అది తన పని అని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఎవరో ఒకరు చేయాలి కదా అంది. ఆవిడ రిటైర్మెంట్ డిసెంబర్‌లో.

మనవైపు ఒక వాక్యం, అటువైపు ఒక మనిషి. మధ్యలో పదో పన్నెండో కాంట్రాక్టు పత్రాలు, రెండింటినీ కలిపే కాగితం ఒక్కటీ లేదు. కోడ్‌లో మార్పు చిన్నదే. పాలసీ స్టేటస్‌లో మాఫీ కోడ్ ఉండి ప్రీమియం గడి ఖాళీగా ఉంటే సున్నా వేయాలి. మాఫీ కోడ్ లేకుండా ఖాళీగా వస్తే పక్కనపెట్టి ప్రీమియం విభాగానికి జాబితా పంపాలి. రాయడానికి ఒక పూట పట్టింది. టెస్టింగ్‌కూ, చేంజ్ అప్రూవల్‌కూ పట్టిన రోజులే ఎక్కువ. టైమ్‌షీట్‌లో అది చిన్న ఎన్‌హాన్స్‌మెంట్ కింద పడింది. ఆ అమ్మాయి నంబర్లు వెతుకుతూ కూర్చున్న సాయంత్రాలకు టైమ్‌షీట్‌లో కోడ్ లేదు. నేను ఈ ఉద్యోగంలో చూసిన మంచి పనుల్లో దాన్ని ముందు వరసలో పెడతాను.

మా తాతగారి తరంవాళ్లు ఊరి భూముల లెక్కలు రాసే కరణాల గురించి చెప్పేవారు. ఎన్టీఆర్ ప్రభుత్వం 1984లో కరణం, మునసబు పదవులు తీసేసినప్పుడు అడంగళ్లు, పటాలు కొత్త అధికారుల చేతికి వచ్చాయి. ఏ గట్టు ఏ అన్నదమ్ముల పంపకంలో జరిగింది, ఏ డొంకకు ఎవరు నోటిమాట మీద దారి ఇచ్చారు అన్నది పాత మనిషితోనే పోయింది. ఆ వ్యవస్థలో దోపిడీ ఉంది, పోవడం మంచిదే. కానీ కాగితం చేతికి రావడం వేరు, సంగతి చేతికి రావడం వేరు. సిస్టమ్‌లూ అంతే. కోడ్ ఏం చేస్తుందో కోడ్‌లోనే ఉంటుంది. ఎందుకు చేస్తుందో మనుషుల దగ్గర ఉంటుంది.

తెలుగువాళ్లం ఈ రంగంలోకి పెద్దఎత్తున వచ్చిందే ఇంకొకరి పాత కోడ్ బాగుచేయడానికి. తొంభైల చివర్లో వై2కే పని. సంవత్సరాన్ని రెండంకెలతో రాసుకున్న ప్రోగ్రాములు 2000 రాగానే 00ను 1900 అనుకుంటాయని భయం. మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించింది 1998లో, సరిగ్గా ఆ రోజుల్లోనే. రెండంకెల్ని నాలుగంకెలుగా మార్చేంత వ్యవధి చాలాచోట్ల లేక విండోయింగ్ అనే ఉపాయం చేశారు. ఉదాహరణకు 30 కంటే తక్కువ అంకె వస్తే 2000 తర్వాత అనుకో, ఎక్కువ వస్తే 1900 తర్వాత అనుకో అని ప్రోగ్రాంకు చెప్పడం. తాత్కాలికంగా చేసిన ఆ పని ఇంకా కొన్నిచోట్ల బతికే ఉంది. పుట్టిన సంవత్సరం 28 అని ఉన్న ముసలాయన దానికి 2028లో పుట్టబోయే పసివాడిలా కనిపిస్తాడు. ఆ 30 అన్న గీత ఎవరు, ఏ లెక్కన గీశారో కోడ్ పక్కన ఒక్క లైను కామెంట్ రాసివెళ్లిన మనిషికి నేను మనసులో దణ్ణం పెట్టుకుంటాను. రాయకుండా వెళ్లినవాళ్లే ఎక్కువ. వాళ్లకు వ్యవధి ఇవ్వలేదు, అంతే.

మా వ్యాపారం ఉన్న తీరే ఇది. కంపెనీకి ఆదాయం బిల్ అయిన గంటల్లోంచి వస్తుంది. ప్రాజెక్ట్ లేనివాళ్లు బెంచ్ మీద ఉంటారు. బెంచ్ మీద జీతం వస్తుంది, నిద్ర రాదు. పొద్దున్నే రిసోర్స్ మేనేజ్‌మెంట్ వాళ్ల మెయిల్, సాయంత్రం క్లయింట్ ఇంటర్వ్యూ, ఏ టెక్నాలజీ అడిగితే అది వచ్చనాలి. అమెరికాలో ఉన్నవాళ్లకు ఇంకా కష్టం. 1990 చట్టంతో వచ్చిన హెచ్1బీ వీసా ఉద్యోగమిచ్చిన కంపెనీతో ముడిపడి ఉంటుంది. ప్రాజెక్ట్ లేదన్న సాకుతో జీతం ఆపకూడదని అక్కడి చట్టం స్పష్టంగానే చెబుతుంది. అయినా బెంచ్ మీద జీతం ఇవ్వని చిన్న కన్సల్టెన్సీల కథ న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉన్న ఏ తెలుగు కుర్రాడినడిగినా చెబుతాడు. ఉద్యోగం పోతే అరవై రోజుల్లోపు ఇంకో యజమానిని వెతుక్కోవాలి, లేకపోతే వేరే వీసాకైనా మారాలి, రెండూ కుదరకపోతే దేశం వదలాలి. ఆ అరవై రోజులు తలమీద వేలాడుతుంటే నిమ్మళంగా కూర్చుని తన తర్వాత వచ్చేవాడి కోసం నాలుగు పేజీలు ఎవరు రాస్తారు? రాయలేదని నేను ఎవర్నీ తప్పుపట్టలేను. ఆ తీరిక ఇవ్వని కాంట్రాక్టులనే తప్పుపడతాను. కేటీ గంటలకు బిల్ చేయించుకోలేని కంపెనీ తన సరుకేమిటో తనకే తెలియని కంపెనీ. అది క్లయింట్‌తో గట్టిగా మాట్లాడి తీసుకోవాల్సిన డబ్బు, మొహమాటపడాల్సింది కాదు.

ఇప్పుడు ఏఐ వచ్చింది కదా, పాత కోడ్ అదే చదివి డాక్యుమెంట్ రాసేస్తుంది, ఇంకా మనుషులతో కేటీ ఎందుకని కొత్త మేనేజర్లు అడుగుతున్నారు. మా కోబాల్ ప్రోగ్రాం ఇచ్చి చూశాం. చక్కగా చదివింది. ఏ పేరా ఏం చేస్తుందో మాలో చాలామంది కంటే శుభ్రంగా రాసింది. ఆ పని ఇక దానికే ఇస్తాం, సంతోషంగా. మంచం పట్టిన పాలసీదారుల సంగతి మాత్రం అందులో రాలేదు. ఎక్కడినుంచి వస్తుంది, అది కోడ్‌లో లేనే లేదు. హార్ట్‌ఫర్డ్‌లో ఒకావిడ అలవాటులో ఉంది. ఆవిడకు ఫోన్ చేసి, ఆవిడ చెప్పింది ఓపిగ్గా విని, మధ్యలో ఆపి ఇంకో ప్రశ్న అడగడానికి ఒక మనిషి కావాలి. ఆ అడగడం కొత్తవాళ్లకు నేర్పితే చాలు, మిగతావి వాళ్లే పట్టుకుంటారు.

ఈ సోమవారం నుంచి మేమే అప్పజెప్పేవాళ్లం. ఆ బీమా కంపెనీ చాలా కంపెనీల్లాగే హైదరాబాద్‌లో సొంత సెంటర్ తెరిచి ఈ పనిని తన ఉద్యోగుల చేతికి తీసుకుంటోంది. కేటీకి నాలుగు వారాలు ప్లాన్‌లో పెట్టారు, ఆరు అడిగాను, ఐదుకు ఒప్పుకున్నారు. మొదటి వారంలో స్లైడ్లు ఉండవు. రన్‌బుక్‌లో ప్రతి వాక్యం కింద "ఎందుకు" అని ఒక గడి పెట్టాం, సగానికి పైగా నింపాం, ఖాళీగా ఉన్నవాటిని ఖాళీ అనే చూపిస్తాం. మొదటి సెషన్ ఆ అనంతపురం అమ్మాయిదే, నెలాఖరు బ్యాచ్ మీద. రెండోది ప్రీమియం అకౌంటింగ్ ఆవిడది. కొత్త టీమ్ వాళ్లను నేరుగా ఆవిడతోనే మాట్లాడనివ్వమని అడిగితే అటువైపు మేనేజర్ సరేనన్నారు. హార్ట్‌ఫర్డ్‌లో పొద్దున ఎనిమిది, మనకు సాయంత్రం ఐదున్నర. ప్రశ్నలు రాసుకుని రమ్మని వాళ్లకు మెయిల్ పెట్టాను.